ఇవాళ్టికి ఉంటాను

సెప్టెంబరు 7, ఆదివారం

పూజ్యురాలైన పిన్నిగారికి నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ నేను క్షేమం. మీ మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టిందనీ, మళ్లీ మేడమీది తరగతులకు వెళ్తున్నారనీ అమ్మ చెప్పింది. సంతోషం.

మర్యాదలు అయ్యాయి. ఇక నుంచి నువ్వు అంటాను. బడిలో నిన్ను సిస్టర్ అనీ మీరు అనీ పిలవాల్సి వచ్చినన్నాళ్లూ నా నాలుక ఇంటికొచ్చేదాకా బిగుసుకునే ఉండేది. పై రెండు ముక్కలూ ఆ సిస్టర్‌కి. మిగతాదంతా మా పిన్నికి.

ఫోను చేద్దునుగాని, మీ కాన్వెంటు ఫోను ఉన్నది వరండాలో. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు జపం ఆపి మరీ వింటారని నువ్వే చెప్పావు. ఇది నలుగురూ వినే సంగతి కాదు. అమ్మకు కూడా ఇంకా చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

ముందు ఆఫీసు సంగతి. కంప్యూటర్ ఆటలు ఆడితే జీతమెవరిస్తారని నువ్వు ఇప్పటికీ నమ్మవు. నేను ఆడేది ఆట కాదు పిన్నీ. జనం ఆడబోయే ఆటలో తప్పులెక్కడున్నాయో వెతకడం నా పని. తెరిచిన తలుపునే మళ్లీ మళ్లీ తెరుస్తాను. గోడలను గుద్దుకుంటాను. ఒక్కోసారి ఆటలోని మనిషిని ఒకచోట నిలబెట్టి, ఏమీ చేయకుండా చూస్తూ కూర్చుంటాను. ఊరకే నిలబడితే ఆట ఏమైనా చెడుతుందా అని చూడడమూ ఒక పరీక్షే. మిగతావాళ్లకు అది విసుగు. నాకు హాయి. అందుకే ఆఫీసులో నన్ను గుంజ అంటారు. ఎదురుగా ఉంటే గుంజగారు అంటారు.

ఇప్పుడు మేం తయారు చేస్తున్న ఆట ఒక దీవిలో జరుగుతుంది. ఆడేవాళ్లు ఒక పడవ మనిషిగా ఆడతారు. తుఫానులో పడవ విరిగి ఆమె ఒడ్డుకు కొట్టుకొస్తుంది. దీవిలో ఒక లైట్‌హౌస్, దానికొక కాపలాదారు. అతనికి పేరు పెట్టలేదు. మేం దీపాలాయన అంటాం. నడివయసు మనిషి, మితభాషి. అతని దీపం అద్దాలు తుడిచి, కిటికీ బాగుచేసి, పుస్తకాలు చదివి వినిపిస్తే మెల్లగా మెత్తబడతాడు. అప్పుడు ఆమె అడగవచ్చు, నాతో ఉంటావా అని. అతను చెప్పే జవాబు ఒక్కటే: "ఇవాళ్టికి ఉంటాను." మర్నాడు అడిగినా అదే. నెల తర్వాత అడిగినా అదే.

ఆట విడుదలకు ముందు కొంతమందిని పిలిచి ఆడించి చూశాం. దీపాలాయన మీద వాళ్లు పెట్టిన శాపనార్థాలు నీకు రాయలేను, మీ గోడల మధ్యకు రాకూడని మాటలు. కట్టుబడటానికి భయపడే మనిషి అన్నారు. ఆడదాన్ని వేలాడదీసే రకం అన్నారు. దాంతో మా పెద్దాయన, అంటే కంపెనీ యజమాని, ఆ మాట రాసినావిడకు ఫోను చేశారు. ఆవిడ వేరే కంపెనీకి వెళ్లిపోయింది. ఏ ఉద్దేశంతో రాశారమ్మా అని ఆయన అడిగితే, అక్కడ ఏదో ఒకటి అనిపించాలి కదా అని అనిపించానండీ, సరైన జవాబు తర్వాత రాద్దామనుకున్నాను, ఈలోగా ఉద్యోగం మారాను అందట.

అంటే రాసిన మనిషికే తెలియదు. ఇక దీపాలాయన మనసులో ఏముందో తేల్చడం మా వంతు. శుక్రవారం అందరం కూర్చోవాలి. అతనితో అందరికంటే ఎక్కువ రోజులు గడిపింది నేనే కాబట్టి ముందు నన్ను మాట్లాడమన్నారు. నేను సమావేశంలో మాట్లాడడమేమిటో నీకు తెలుసు. బడిలో ప్రతిజ్ఞ చెప్పేటప్పుడు పెదవులు మాత్రం కదిపేదాన్నని నువ్వొక్కదానివే కనిపెట్టావు.

ఇక రెండో సంగతి. ఇది రాయడానికే కాగితం తీశాను, ఇంతసేపూ చుట్టూ తిరిగాను.

మా ఆఫీసులో ఆటల్లోని మనుషులకు నడక నేర్పే ఆయన ఒకరున్నారు. చెయ్యెత్తడం, తల తిప్పడం, మెట్లెక్కడం, అన్నీ ఆయన కదిలిస్తేనే కదులుతాయి. నడకల మాస్టారు అంటారు. ఆఫీసులో నాకు మీరు. బయట నువ్వు. ఏడాదిగా.

అతనికి వేరే ఊళ్లో మంచి ఉద్యోగం వచ్చింది. ఈ నెలాఖరుకు వెళ్లిపోతాడు. పెళ్లి చేసుకుని ఇద్దరం వెళ్దాం అంటున్నాడు. అక్కడ ఇల్లు చూశాడు. ఒక్కడికైతే ఒక గది, ఇద్దరికైతే పక్కనున్న పెద్ద వాటా. ఏదో ఒకటి ఇంటివాళ్లకు చెప్పాలి.

మొదటిసారి అతను నాతో ఉంటావా అని అడిగినప్పుడు సిగ్గుతో ఏం చెప్పాలో తోచక, పొద్దంతా వింటున్న మాటే నోటికొచ్చి, ఇవాళ్టికి ఉంటాను అన్నాను. అతను పడీ పడీ నవ్వాడు. మళ్లీ అడిగితే మళ్లీ అదే అన్నాను. అప్పుడూ నవ్వాడు. ఇప్పుడు నవ్వడం లేదు.

నాకు అతనంటే ఇష్టం లేక కాదు పిన్నీ. ఎప్పటికీ అనే మాట నోట్లోకి రాదు. నేనింకా చూడని రోజుల తరఫున నేనెలా మాట ఇస్తాను? ఇవాళ నాకు తెలుసు. ఇవాళ్టికి ప్రాణం పెట్టి అవునంటాను. అది తక్కువా?

మీ సంఘంలో సిస్టర్లు దేవుడికి ఏటేటా మళ్లీ మాట ఇస్తారని, ఎవరూ ఒక్కసారే జీవితమంతటికీ ఇవ్వరని నా చిన్నప్పుడు చెప్పావు. ఈ ఏడాది ఇవ్వకపోతే ఏమవుతుందని అడిగాను. నా ట్రంకుపెట్టె పట్టుకుని మీ ఇంటికొచ్చి కూర్చుంటాను, మీ నాన్న పొట్ట మీద పేపరు వేసుకుని పడుకునే కుర్చీ నాదవుతుంది అన్నావు. నాన్న ఆ కుర్చీ కాపాడుకోవడానికి ఎన్నాళ్లో నీకోసం ప్రార్థన చేశారు.

అంచేత నువ్వు చెప్పాలి. ఏడాదికి సరిపడా ఇచ్చే మాట మాట కాదా? దీపాలాయన పిరికివాడా? నెలాఖరులోగా జవాబు రాయి.

నీ ఆశీస్సులు కోరే,
నీ అక్క కూతురు

●

సెప్టెంబరు 13, శనివారం

పిన్నికి నమస్కారాలు.

నీ జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగలేక రాస్తున్నాను. నిన్న సమావేశం అయింది. అయిన తీరు ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఊపిరి ఆడేలా లేదు.

పొడుగాటి బల్ల, గోడమీద పెద్ద తెర. పెద్దాయన ఒక చివర. ప్రచారం చూసే ఆవిడ, బొమ్మలు గీసేవాళ్లు, లెక్కలవాళ్లు చుట్టూ. నడకల మాస్టారు నాకు సరిగ్గా ఎదురుగా కూర్చున్నాడు. మా సంగతి ఆ గదిలో ఎవరికీ తెలియదు.

నన్ను ముందు మాట్లాడమన్నారుగాని నేను గొంతు సవరించుకునేలోపు ప్రచారం ఆవిడ అందుకుంది. ఇలాంటివాడి కోసం నేనూ ఒకప్పుడు ఎదురుచూశానండీ, అతనింకా ఆలోచిస్తూనే ఉన్నాడు, ఈలోగా నాకు ఇంకొకాయనతో ఇద్దరు పిల్లలు అంది. గదంతా నవ్వింది. పెద్దాయన కూడా నవ్వి, మీరేమంటారు మాస్టారూ, వాణ్ణి కదిలించేది మీరే కదా అన్నారు.

అతను నవ్వలేదు. బల్ల వైపు చూస్తూ మొదలుపెట్టాడు. పిన్నీ, ఆ మాటలు ఒక్కటీ మర్చిపోలేను.

"ఆవిడ రోజూ అన్ని మెట్లూ ఎక్కి గుమ్మంలో నిలబడాలి. ఉంటావా అని అడగాలి. వీడు కుర్చీలోంచి లేవకుండా ఇవాళ్టికి అంటాడు. రేపు మళ్లీ మెట్లెక్కాలి. ఇది ప్రేమ కాదండీ. దినకూలీ. ఏ రోజు కారోజు పని దొరుకుతుందో లేదో అని గేటు దగ్గర నిలబెట్టడం."

అతను ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. చూడకపోవడమే నాకు చెప్పడం.

గుంజగారేమంటారు అన్నారెవరో. నేను లేచాను. చూపిస్తానండీ అని మాత్రం అని ఆట మొదలుపెట్టాను. మెట్లెక్కించాను. అడిగించాను. అతను ఇవాళ్టికి ఉంటాను అన్నాడు. మామూలుగా ఆ జవాబు వినగానే ఆడేవాళ్లు విసుక్కుని బయటకు వెళ్లిపోతారు. నేను నా పద్ధతిలో చేతులు తీసేసి ఊరుకున్నాను.

గదిలో కుర్చీలు కిర్రుమన్నాయి. ఎవరో దగ్గారు. ఆట పాడయిందా అని ఒకరు అడిగారు. లేదండీ, నిలబడ్డాం అన్నాను.

తెరమీద పొద్దు వాలింది. దీపాలాయన లేచాడు. గుమ్మం పక్కన ఒకే ఒక్క కొక్కెం ఉంటుంది. దానికి ఎప్పుడూ అతని ప్రయాణం సంచి వేలాడుతుంటుంది, ఏ క్షణంలోనైనా వెళ్లిపోయే మనిషిలా. అతను ఆ సంచిని దించి మంచం కిందికి తోశాడు. ఆమె తడి కోటు అంతదాకా స్టూలు మీద పడి ఉంటుంది. అది ఇప్పుడు ఆ కొక్కేనికి వేలాడుతోంది. తర్వాత దీపం వెలిగించాడు. అంతే. తెల్లారితే సంచి మళ్లీ కొక్కేనికి ఉంటుంది. మళ్లీ అడగాలి. సాయంత్రమైతే మళ్లీ దించుతాడు.

ఎప్పటికీ అన్నవాడికి సంచి ఒక్కసారి దించితే సరిపోతుంది, ఈయన రోజూ దించుతున్నాడు అన్నాను. నా జీవితంలో నలుగురి ముందు అంత పొడుగు వాక్యం చెప్పడం అదే మొదలు.

ప్రచారం ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. పెద్దాయన ముందుకు వంగి, ఇన్నాళ్లూ ఇది ఎవరూ చెప్పలేదేం అన్నారు. ఒక్క నిమిషం, నేను గెలిచాననుకున్నాను. ఆట సంగతి కాదు, నా సంగతి. మాస్టారు తెరను చూశాడు కదా, ఇప్పుడు అర్థమవుతుంది అనుకున్నాను.

అప్పుడు అతను అన్నాడు.

"అది పొరపాటండీ. నాదే."

దీపం వెలిగించాలంటే అగ్గిపెట్టె కావాలి. అగ్గిపెట్టె సంచిలో ఉంది. అందుకని సంచి దింపించాడట. ఇక కోటు అంటారా, ఆ గదిలో ఎక్కడ కొక్కెం ఖాళీ అయినా దగ్గర్లో ఉన్న బట్ట దానికి తగులుకునేలా ముందెప్పుడో పెట్టి, తీసేయడం మర్చిపోయాడట. సంచి మంచం కిందికి వెళ్లడం కూడా దారికి అడ్డం లేకుండా ఉండడానికి. దీపాలాయన కోటును ముట్టుకోనైనా లేదు, కావాలంటే మళ్లీ చూడండి అన్నాడు. మళ్లీ వేశారు. నిజమే. అతని చెయ్యి కోటు దగ్గరకే పోలేదు. కోటు దానంతట అదే ఎగిరి తగులుకుంది. అన్నాళ్లు చూసి నేను గమనించలేదు. కనిపించాలనుకున్నదే కనిపించింది.

అందరూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, బిగువు సడలిన నవ్వు. పెద్దాయన నా భుజం తట్టి, పోనీలే, మంచి తప్పే పట్టావు, నీ ఉద్యోగం అదే కదా అన్నారు. అక్కడికక్కడే తేల్చేశారు. దీపాలాయన చేత ఎప్పటికీ అనిపించాలి. కొత్త జవాబు కొత్తగా వచ్చిన రచయిత రాస్తాడు, మాస్టారు వెళ్లేలోపు కదలికలు చేసి ఇస్తాడు, నేను పరీక్షించాలి.

బయట మెట్ల దగ్గర అతను నాకోసం ఆగాడు. నేను ఆగకుండా దిగబోయాను.

"అబద్ధం చెప్పాల్సిందా?" అన్నాడు.

నేను ఇంకో మెట్టు దిగాను.

"నా పొరపాటు మీద ఇల్లు కట్టుకున్నావు. అందులో నేనెక్కడున్నాను? నీకు కావాల్సింది నేను కాదేమో. నిన్ను ఏమీ అడగని మనిషేమో."

కాదని చెప్పడానికి నోరు తెరిచాను. అతను చెయ్యి అడ్డం పెట్టి, ఇవాళ్టికి అనే ఆ మాట మాత్రం మళ్లీ అనకు అన్నాడు. నేను అనబోయింది అదే.

పిన్నీ, అది పొరపాటే కావచ్చు. కోటు దానంతటదే ఎగిరి ఉండవచ్చు. అయినా ఆ గదిలో ఆ సాయంత్రం ఆ కొక్కేనికి ఆమె కోటే ఉంది. ఎవరు తగిలిస్తేనేం అని రాత్రంతా నాతో నేను వాదించుకున్నాను. తెల్లారాక ఆ వాదన నాకే పేలవంగా తోచింది.

త్వరగా రాయి. కోప్పడుతూ అయినా సరే.

నీ
అక్క కూతురు

●

సెప్టెంబరు 29, సోమవారం

పిన్నికి నమస్కారాలు. నీ ఉత్తరం గురువారం అందింది. మోకాలికి కట్టు కట్టుకుని, మంచం మీద కూర్చుని ఒక్క బిగిన రాశావని అక్షరాల వాలు చూస్తేనే తెలిసింది. కోప్పడమన్నాను కదా అని నిజంగానే కోప్పడ్డావు. చెవి మెలిపెట్టినట్టే ఉంది.

ముందు ఇక్కడి సంగతులు రాసి, తర్వాత నీ మాటలకు వస్తాను.

దీపాలాయన మారిపోయాడు. కొత్త రచయిత అరపేజీ రాశాడు. సముద్రం, నక్షత్రాలు, ప్రాణం ఉన్నంత వరకు, చివర ఎప్పటికీ నీతోనే. గొంతు ఇచ్చే ఆయన వచ్చి కళ్లనీళ్లు పెట్టుకుని మరీ చెప్పి వెళ్లాడు. సంచి తీసేశారు. కొక్కేనికి ఏదీ తగులుకోకుండా సరిచేశారు. మళ్లీ ఆడించి చూస్తే అందరికీ నచ్చింది. ప్రచారం ఆవిడ నాకు చాక్లెట్టు ఇచ్చింది, ఓదార్పుగా.

నా పని నేను చేయాలి కదా. మెట్లెక్కి అడిగించాను. ఎప్పటికీ అన్నాడు. తప్పుల్లేవు. పెదవులు మాటకు సరిపోయాయి. చెయ్యి గుండె మీదికి వెళ్లింది, అక్కడే ఆగింది. ఇక నేను ఊరుకున్నాను, నా పద్ధతిలో.

పొద్దు వాలింది. దీపాలాయన కదల్లేదు. చీకటి పడింది. దీపం వెలగలేదు. తెల్లారింది. గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఊపిరి తీస్తూ, అలాగే నిలబడి ఉన్నాడు. ఎప్పటికీ అన్న తర్వాత అతను చేయాల్సిన పని ఏదీ లేదు.

ఇది తప్పు కింద రాయాలో లేదో తెలియక మాస్టారును పిలిచాను. మెట్ల దగ్గర మాట్లాడిన రోజు తర్వాత మేం ఆఫీసు మాటలు తప్ప మాట్లాడుకోలేదు. అతను వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. ఇద్దరం కలిసి ఒక సాయంత్రమూ ఒక తెల్లవారుజామూ చూశాం. పక్క బల్లవాళ్లు కాఫీకి పిలిస్తే మేమిద్దరమూ వినిపించుకోలేదు.

మిగతా కదలికలు చేయడానికి మీకు టైం చాలలేదా అని అడిగాను, మీరు అనే. టైం ఉందండీ అన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"ఆ మాట అన్నాక వీడి చేత ఏం చేయించాలో నాకు తెలియలేదు."

అంతవరకు నేను అనుకున్నదేమిటంటే, ఎప్పటికీ అనే మాట అతనికి బాగా తెలుసు, నాకే తెలియదు అని. అతనికీ తెలియదు పిన్నీ. మాట మాత్రం కావాలి. నేను మాట ఇవ్వను, రోజు ఇస్తాను. నేను రోజు ఇచ్చినా అతను మాట కావాలంటాడు. ఇద్దరం ఒకే గదికి చెరో తలుపు దగ్గర నిలబడ్డట్టున్నాం. ఆ మధ్యాహ్నం అలా అనిపించి మనసు కాస్త తేలికపడింది. పాత దీపాలాయనను పిరికివాడన్నారు, చూడు, ఈ ధైర్యవంతుడి పరిస్థితి ఇదీ అని లోపల్లోపల ఎద్దేవా కూడా చేశాను.

ఆ రోజే ఇంటికి వెళ్లేసరికి నీ ఉత్తరం ఉంది.

నీ వాక్యాలు నీకే తిరిగి రాస్తున్నాను, ఎంత గట్టిగా తగిలాయో తెలియాలని. "మీ దీపాలాయనకీ నాకూ పోలిక పెట్టకు. ఏటా మాట కొత్తగా ఇస్తామన్నది నిజమే. కానీ మమ్మల్ని ఎవరూ మెట్లెక్కి వచ్చి అడగరు. ప్రతి ఏడూ మేమే వెళ్లి, మళ్లీ మాట ఇవ్వనిస్తారా అని అడగాలి. వద్దనే హక్కు అవతలివాళ్లకు ఉంటుంది. ఆ అడిగే రోజు ఇన్నేళ్లయినా నా కాళ్లు వణుకుతాయి. నువ్వు నీ మాట సంగతే రాశావు, ఆ అబ్బాయి కాళ్ల సంగతి ఎక్కడా రాయలేదు."

ఉత్తరం మడిచి పెట్టాను. అన్నం తినలేదు. శుక్రవారం పొద్దున ఆఫీసుకు అందరికంటే ముందు వెళ్లి, పాత దీపాలాయనను తెరిచాను, ఇవాళ్టికి అనే ఆయనను. మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా అతని మాటలన్నీ వరసగా విన్నాను. అంతకు ముందు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అయినా ఈ సంగతి నా చెవిన పడలేదు.

అతను ఒక్క ప్రశ్న కూడా అడగడు.

నీ పేరేమిటి అని అడగడు. చలిగా ఉందా అని అడగడు. పడవ బాగయిందా, ఎప్పుడు వెళ్తావు అని అడగడు. ఆమె అడిగిన ప్రతిదానికీ మర్యాదగా జవాబు చెబుతాడు. జనం కోప్పడింది అతను ఎప్పటికీ అనలేదని కాదేమో. వాళ్లకు ఏం కొరతగా ఉందో వాళ్లకూ తెలియక ఆ మాట మీద పెట్టారు. ఎప్పటికీ అనకపోయినా, ఒక్కరోజు అతను కుర్చీలోంచి లేచి, ఆమె విరిగిన పడవ దగ్గరకు దిగి వచ్చి, ఇవాళ్టికి ఉంటావా అని అడిగి ఉంటే, ఎవరూ అతన్ని తిట్టేవాళ్లు కాదు.

ఇక నన్ను నేను చూసుకున్నాను. మొదటి టీకి మాస్టారే పిలిచాడు. మొదటి సినిమాకు అతనే. వానలో ఇంటిదాకా దింపనా అని అతనే. పెళ్లి మాట అతనే, మళ్లీ మళ్లీ అతనే. ఏడాదిలో నేను అతన్ని ఏమడిగాను? ఒకసారి గొడుగు అడిగాను. అది కూడా అతని చేతిలో రెండు ఉన్నాయి కాబట్టి.

నా జవాబులో తప్పు లేదని ఇప్పటికీ అనుకుంటున్నాను పిన్నీ. ఇవాళ్టికి అనేది నిజాయితీగల మాటే. కానీ అది కుర్చీలో కూర్చుని అనే మాట. అడిగేవాళ్లు నోరు తెరిచినప్పుడల్లా కాదంటారేమో అనే భయంతో తెరుస్తారు. ఆ భయం మొత్తం అతని నెత్తిన పెట్టి, ధైర్యం గురించి నేను సమావేశంలో ఉపన్యాసం ఇచ్చాను.

అతను రేపు వెళ్తున్నాడు. ఇల్లు సంగతి ఏం చెప్పాడో నాకు తెలియదు, అడిగే ముఖం లేదు. రేపు బస్సు ఎక్కేలోపు నేనే వెళ్లి అడుగుదామనుకుంటున్నాను. ఏ మాటలతో అడగాలో ఇంకా కుదరలేదు. నీ కాళ్లు వణుకుతాయన్నావు కదా, నావి ఇప్పటి నుంచే మొదలయ్యాయి. కాదంటే కాదంటాడు. ఆ హక్కు అతనికుంది.

ఏమైందీ మళ్లీ రాస్తాను. అమ్మకు నేనే చెబుతాను, ఎటు తిరిగినా సరే. మోకాలు జాగ్రత్త, తరగతులు కింది అంతస్తుకు మార్పించుకో.

ప్రేమతో,
నీ అక్క కూతురు

తాజా కలం: పైన రేపు అడుగుతానని రాశాను. నిజం అది కాదు. పొద్దునే అడిగేశాను.

ఆఫీసుకు వస్తూ దారిలో అతని గదికి వెళ్లాను. ఇంతకుముందు ఎప్పుడూ అక్కడికి నా అంతట నేను వెళ్లలేదు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. తలుపు తీసే ఉంది. నేల మీద కూర్చుని పుస్తకాల పెట్టెకు టేపు వేస్తున్నాడు. నన్ను చూసి లేవలేదు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. ఎంతో వెతికి పెట్టుకున్న మాటలేవీ రాలేదు. "నీతో నన్ను ఉండనిస్తావా?" అన్నాను. చాలాసేపు టేపు చివర గోటితో వెతుక్కున్నాడు. "సాయంత్రం చెప్తాను," అన్నాడు. నవ్వలేదు. కోపంగానూ లేడు. సరే అని మెట్లు దిగి వచ్చేశాను.

ఆఫీసులో తెర ముందు కూర్చున్నాను గాని పని సాగలేదు. అందుకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను, పొద్దు గడవడానికి. ఇంత రాశాక గడియారం చూశాను.

ఇంకా మధ్యాహ్నమే.